పార్కు టెన్నిస్ కోర్టుకి ఏ సర్ఫేస్ వేయించాలి? యాక్రిలిక్, కుషన్, మట్టి, టైల్స్ మధ్య ఎంపిక

పార్కులో కోర్టు పెచ్చులు లేచిపోయింది, మున్సిపాలిటీ ఏఈ (అసిస్టెంట్ ఇంజినీరు) గారొచ్చి ఎస్టిమేట్ వేస్తాం, మీకేం కావాలో రాసివ్వండి అన్నారు, ఇప్పుడు ఏ సర్ఫేస్ అడగాలి? ఈ మధ్య చాలామంది అడుగుతున్న ప్రశ్న ఇది. అడిగేటప్పటికే చేతిలో ఏదో ఒక కంపెనీ బ్రోషర్ ఉంటుంది, అందులో నీలం కోర్టు, ఆకుపచ్చ బోర్డరు, పైన పెద్దక్షరాలతో 8 లేయర్ సిస్టం అని. రంగు చూసి మనసు పారేసుకోకండి. నీలం రంగు 2005లో యూఎస్ ఓపెన్ వాళ్ళు, 2008లో ఆస్ట్రేలియన్ ఓపెన్ వాళ్ళు మొదలెట్టాక అందరికీ అదే కావాలి, బాల్ బాగా కనపడుతుంది కాబట్టి తప్పేం లేదు, కానీ రంగు అనేది ఈ పనిలో చిట్టచివర తేల్చాల్సిన సంగతి.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తా, పూర్తిగా చదివే ఓపిక లేనివాళ్ళు ఇక్కడితో ఆగిపోవచ్చు. మన ఎండలకి, మన వానలకి, పార్కుకి ఒక్కడే వాచ్‌మన్ ఉండే మన పద్ధతికి, చాలా చోట్ల సరిపోయేది గట్టి కాంక్రీటు మీద మామూలు యాక్రిలిక్, అంటే ఇసుక కలిపిన పెయింటు లాంటి పూత, కింద కుషన్ అనే రబ్బరు పొర లేనిది. కుషన్‌కి అయ్యే డబ్బులు కింద బేస్ రిపేరుకి, వాన నీళ్ళు బయటికి పోయే దారికి పెట్టండి. మట్టి కోర్టు కూడా మంచిదే గానీ రోజూ చూసుకునే మనిషి ఉంటేనే. టైల్స్ ఒక రకం ఇబ్బందిలో పనికొస్తాయి. గడ్డి కార్పెట్ టర్ఫ్ మాత్రం టెన్నిస్‌కి వద్దు.

ఇక వివరంగా.

ముందు కోర్టు మీద నీళ్ళు పోయండి

సర్ఫేస్ సంగతి మాట్లాడే ముందు ఒక ట్యాంకరు పిలిపించో, మొక్కలకి పెట్టే పైపుతోనో కోర్టు మొత్తం తడపండి. ఎండ ఉన్న రోజు చూసి చెయ్యండి. ఒక గంట ఆగి వెళ్ళి చూస్తే ఎక్కడెక్కడ నీళ్ళు నిలిచాయో తెలిసిపోతుంది, ప్రతి మడుగు చుట్టూ చాక్‌పీసుతో గీత గీయండి, మధ్యలో ఒక రూపాయి బిళ్ళ పడుకోబెట్టండి. బిళ్ళ పైన కూడా నీళ్ళుంటే అది రిపేరు చెయ్యాల్సిన గుంట, నీళ్ళు బిళ్ళ అంచు దాకా కూడా రాకపోతే వదిలేయొచ్చు. కోర్టులు కట్టే వాళ్ళు వాడే లెక్క కూడా దాదాపు ఇదే, అంగుళంలో పదహారో వంతు కంటే లోతుగా నీళ్ళు నిలవకూడదు. ఎండిపోయాక కూడా చాక్ గీతలు అలాగే ఉంటాయి కాబట్టి ఫోటోలు తీసి అర్జీకి జతచేయండి, ఆఫీసులో నోటితో చెప్పే దానికంటే ఆ ఫోటోలకి విలువెక్కువ.

తర్వాత వాలు. కోర్టుకి వాలు ఒకే వైపు ఉండాలి, వంద అడుగులకి ఒక అడుగు చొప్పున, అదీ ఒక పక్క నుంచి ఇంకో పక్కకి. నెట్టు దగ్గర ఎత్తుగా ఉండి రెండు బేస్‌లైన్ల వైపు దిగడం, లేకపోతే మధ్యలో వెన్నులాగా లేచి రెండు పక్కలకి దిగడం, రెండూ తప్పే. గీతల లోపల కోర్టు 78 అడుగుల పొడవు, డబుల్స్‌కి 36 అడుగుల వెడల్పు, చుట్టూ పరిగెత్తే జాగా కలుపుకుంటే మామూలుగా 120 బై 60 వస్తుంది. అంటే 60 అడుగుల వెడల్పు మీద ఈ ఫెన్సింగ్‌కి ఆ ఫెన్సింగ్‌కి దాదాపు 7 అంగుళాల తేడా రావాలి. దీనికి ఇంజినీరు అక్కర్లేదు, మేస్త్రి దగ్గర ఉండే ట్యూబ్ లెవెల్ చాలు, ఇద్దరు మనుషులు చెరో చివర పట్టుకుంటే పది నిమిషాల్లో తేలిపోతుంది. చాలా పార్కుల్లో ఈ ఏడంగుళాలు రెండో మూడో ఉంటాయి, మిగతాది ఏమైందో ఎవరికీ తెలీదు. పల్లం వైపు డ్రెయిన్ ఉందా, ఉంటే అందులో ఆకులూ కవర్లూ ఇరుక్కుని ఉన్నాయా అనేది కూడా అప్పుడే చూసేయండి, కొన్ని చోట్ల వాకింగ్ ట్రాక్ తర్వాత వేసి దాన్ని కోర్టు కంటే ఎత్తు చేసేశారు, ఆ నీళ్ళు ఇంకెక్కడికి పోతాయి చెప్పండి, ఎన్ని లక్షల రంగు పోసినా ఆ కోర్టు బాగుపడదు.

పెచ్చులు లేస్తుంటే ఇంకో టెస్టు ఉంది. ఒకటిన్నర అడుగు చదరం పాలిథిన్ షీటు కాంక్రీటు మీద పరిచి నాలుగు వైపులా టేపు వేసేసి, సాయంత్రం పెట్టి మర్నాడు పొద్దున్న, కనీసం 16 గంటలు ఆగి తీయండి. లోపల నీటి చుక్కలుంటే, లేదా కింద కాంక్రీటు నల్లబడితే, చెమ్మ కింద నుంచి పైకొస్తోందని అర్థం. పాత కోర్టుల్లో కాంక్రీటు కింద ప్లాస్టిక్ షీటు వేయకుండా పోసేసిన చోట ఇది మామూలే. అలాంటి దాని మీద యాక్రిలిక్ వేయించడం చెమ్మ గోడకి పుట్టీ పెట్టి పెయింట్ వేసినట్టే, రెండో వానాకాలానికి బుడగలు లేచి ఊడొచ్చేస్తుంది.

పగుళ్ళన్నీ ఒకటి కాదు

వెంట్రుక లాంటి సన్నటి గీతలైతే కంగారు పడక్కర్లేదు, కింద వేసే రీసర్ఫేసర్ కోటులో చాలావరకు కప్పబడిపోతాయి. అడ్డంగా నిలువుగా సూటిగా వచ్చినవి కాంక్రీటు జాయింట్ల మీదవి, అవి ఎండకి వెడల్పు మారుతూనే ఉంటాయి. అసలు సమస్య మూడో రకం, పగులుకి ఒక వైపు ఎత్తు ఇంకో వైపు పల్లం, చెప్పు కొస తగిలే మెట్టు లాంటిది. దీనికి మన దగ్గర రెండే కారణాలు ఎక్కువ, నల్లరేగడి నేల, చెట్టు వేరు. గుంటూరు వైపు, నంద్యాల వైపు నల్లరేగడి మీద కట్టిన కోర్టులు వానకి ఉబ్బుతాయి, ఎండకి కుంగుతాయి, పైన ఉన్న కాంక్రీటుకి ఇంక విరగడం తప్ప దారి లేదు. వేరైతే రావి, మర్రి లాంటివి ఫెన్సింగ్ అవతల నుంచి కూడా వచ్చేస్తాయి.

కాంట్రాక్టరు క్రాక్ ఫిల్లర్ పెట్టి రంగేస్తే పోతుందంటాడు. పోదు. కుషన్ లేని యాక్రిలిక్ పొరలన్నీ కలిపినా మందం రెండు మూడు మిల్లీమీటర్లు దాటదు, కింద కాంక్రీటు కదులుతుంటే అది పట్టుకోలేదు, ఏడాది లోపే అదే చోట అదే గీత. పగులు మీద గుడ్డ లాంటి ఫ్యాబ్రిక్ పొర వేసి, పగులు అంచులకి అంటుకోకుండా దూరంగా అతికించే పద్ధతి ఒకటి ఉంది, ఖర్చెక్కువ గానీ కదిలే పగులుకి కొన్నేళ్ళు ఆగేది అదే. మెట్టు పడిన పగుళ్ళు కోర్టంతా ఉంటే మాత్రం పైపై రిపేరు ఆలోచన మానేసి కొత్త స్లాబే అడగాలి, లేకపోతే కింద చెప్పే టైల్స్ దారి చూడాలి.

కాంక్రీటా, తారా

బేస్ కొత్తగా వేసే అవకాశం వస్తేనే ఈ ప్రశ్న. విదేశాల్లో పార్కు కోర్టులు ఎక్కువ శాతం తారు మీదే ఉంటాయి, మెత్తగా సర్దుకుంటుంది, చవక. మన దగ్గర చిక్కేంటంటే మే నెల విజయవాడ ఎండకి తారు మెత్తబడుతుంది, పైగా ఒకటి రెండు కోర్టుల కోసం హాట్ మిక్స్ ప్లాంటు వాడు రావడానికి ఒప్పుకోడు, ఒప్పుకున్నా పేవర్ మెషీను పార్కు గేట్లో పట్టదు, చివరికి కూలీలు పారలతో పరిచి రోడ్డు రోలర్ తిప్పేస్తారు, రోడ్డుకది సరిపోద్ది గానీ కోర్టుకి సరిపోదు. కాంక్రీటే తీసుకోండి. కింద కంకర గట్టిగా కుదించి, దాని మీద ప్లాస్టిక్ షీటు, దాని మీద ఇనుప జాలీతో స్లాబు, నెట్టు గీత కింద ఒక జాయింటు. ఇక్కడొక ముఖ్యమైన జాగ్రత్త, మేస్త్రీలు పనితనం చూపిద్దామని ట్రిమిక్స్ వేసి (మెషీనుతో కాంక్రీటులో ఎక్కువైన నీళ్ళు లాగేసి) ఫ్లోటర్‌తో అద్దంలా నున్నగా చేసేస్తారు, గోడౌన్ ఫ్లోరింగ్‌కి అది గొప్ప, యాక్రిలిక్‌కి అది పట్టుదొరకని నేల. చివర్లో చీపురుతో గీకిన గరుకు ఉండాలని ముందే చెప్పండి. పోసిన తర్వాత 28 రోజులు క్యూరింగ్ అయ్యాకే రంగు, ఈ 28 రోజులు తగ్గించమని అడిగే పెద్ద మనుషులు ఓపెనింగ్ తేదీ పట్టుకుని వస్తారు, ఒప్పుకోకండి.

మామూలు యాక్రిలిక్

సన్నటి సిలికా ఇసుక కలిపిన యాక్రిలిక్ పెయింటు లాంటిది, స్క్వీజీతో (పొడవాటి కర్రకి రబ్బరు పట్టీ ఉండేది) లాగుతారు, కింద ఒకటో రెండో రీసర్ఫేసర్ కోట్లు, పైన రెండో మూడో రంగు కోట్లు, ఆ పైన తెల్ల గీతలు. వాన ఆగాక తుడిచేస్తే వెంటనే ఆడొచ్చు, రోజూ ఆకులు ఊడిస్తే చాలు, అరిగిపోతే ఆ రంగు కోట్లు మాత్రమే మళ్ళీ వేయిస్తే సరిపోతుంది, వాడకాన్ని బట్టి నాలుగు నుంచి ఎనిమిదేళ్ళకొకసారి. ఇసుక గరుకు ఎంత ఉంటే బాల్ అంత నెమ్మదిస్తుంది, పార్కులో పిల్లలు, నేర్చుకునేవాళ్ళు, అరవై దాటిన డబుల్స్ బ్యాచ్ ఎక్కువ కాబట్టి మీడియం లేదా మీడియం స్లో అడగండి. ఐటీఎఫ్ (అంతర్జాతీయ టెన్నిస్ సమాఖ్య) కోర్టు వేగాన్ని కొలిచి ఒక అంకె ఇచ్చి ఐదు తరగతులు చేసింది, 29 దాకా స్లో, 30 నుంచి 34 మీడియం స్లో, 35 నుంచి 39 మీడియం, 40 నుంచి 44 మీడియం ఫాస్టు, 45 నుంచి పైన ఫాస్టు. కోర్టు నున్నగా అరిగిపోయి బాల్ జారుతూ వస్తోంది, తడిలో కాలు కూడా జారుతోంది అంటే ఇసుక పోయిందని అర్థం, రంగు బాగానే కనపడుతున్నా సరే మళ్ళీ కోటు వేయించాల్సిన టైమొచ్చింది.

దీని లోపం ఒక్కటే, కింద ఏముంటే పైన అదే. మోకాళ్ళకి గట్టి నేలే.

కుషన్ యాక్రిలిక్

రంగుకి కింద రబ్బరు గుజ్జు కలిసిన పొరలు కొన్ని వేస్తారు, బ్రోషర్లో 8 లేయర్ అనేది ఎక్కువగా ఇదే. కాలికి హాయిగా ఉంటుంది, రోజుకి మూడు నాలుగు గంటలు ఆడే అకాడమీ పిల్లలకి నిజంగా తేడా తెలుస్తుంది. పార్కుకి ఎందుకు వద్దంటున్నానంటే అక్కడికి వచ్చేది టెన్నిస్ షూసు వేసుకున్న వాళ్ళు ఒక్కరే కాదు. వినాయక చవితికి పందిరి గుంజలు, మీటింగులకి ప్లాస్టిక్ కుర్చీలు, స్కేటింగ్ క్లాసు, సైకిళ్ళు, ఫెన్సింగ్ పక్కన టెన్నిస్ బాల్ క్రికెట్టు, ఇవన్నీ మెత్తటి పొరలో గుంటలు, చీలికలు పెడతాయి, ఒకసారి చిరిగితే నీళ్ళు లోపలికి దిగుతాయి. ఎండ సంగతి కూడా ఉంది, ఆస్ట్రేలియన్ ఓపెన్‌లో 1988 నుంచి 2007 వరకు ఉన్న రీబౌండ్ ఏస్ కుషన్ సర్ఫేసే, మెల్‌బోర్న్ ఎండకి మెత్తబడి కాలు పట్టేస్తోందని ఆడేవాళ్ళు చాలా ఏళ్ళు మొత్తుకున్నారు, 2008లో ప్లెక్సికుషన్‌కి మారారు, 2020 నుంచి గ్రీన్‌సెట్. ఇప్పటి ప్రొడక్టులు అప్పటికంటే మెరుగే, కానీ తాళం వేసి, షూసు చూసి లోపలికి పంపే మనిషి లేని చోట కుషన్ దండగ. అలాంటి మనిషి ఉంటే, కోచింగ్ ఫీజులు వస్తుంటే, ఒక కోర్టుకి వేయించుకోండి, రెండిటికీ అక్కర్లేదు.

మట్టి కోర్టు

చాలామందికి ఇది పాతకాలం వ్యవహారంలా అనిపిస్తుంది గానీ సానియా మీర్జా తను హైదరాబాద్‌లో చిన్నప్పుడు పేడ అలికిన కోర్టుల మీదే ఆడానని స్వయంగా చెప్పింది, తర్వాత 2005లో అదే ఊళ్ళో ఎల్బీ స్టేడియం హార్డ్ కోర్టు మీద డబ్ల్యూటీఏ (మహిళల ప్రొఫెషనల్ టెన్నిస్) టైటిల్ కొట్టింది. కట్టడానికి అన్నిటికంటే చవక, మోకాళ్ళకి అన్నిటికంటే మంచిది, పాత కాంక్రీటు అవసరమే లేదు. పల్లెల్లో, చిన్న ఊళ్ళలో మొరం, జల్లించిన ఎర్రమట్టి దొరికే చోట ఇప్పటికీ సూపర్. పేడ నీళ్ళు చల్లి అలికితే పైన దుమ్ము లేవకుండా గట్టి పొర కడుతుంది.

ఖర్చంతా తర్వాతే. పొద్దున్నే నీళ్ళు చల్లాలి, రోలర్ లాగాలి, ఆట అయ్యాక బ్రష్ లాగాలి, సున్నంతో గీతలు మళ్ళీ గీయాలి, వానాకాలంలో రోజుల తరబడి మూత, వానలు ఆగాక కొట్టుకుపోయిన చోట మట్టి నింపాలి. వేసవిలో బోరు ఎండిపోతే కోర్టు ఎర్ర దుమ్మే. ఎస్టిమేట్లో మట్టి కోర్టు చవగ్గా కనపడుతుంది ఎందుకంటే మాలీ జీతం అందులో ఉండదు. పాత క్లబ్బుల్లో ఇవి బతికుండటానికి కారణం అక్కడ దశాబ్దాలుగా అదే పని చేస్తున్న గ్రౌండ్ మెన్, మున్సిపల్ అవుట్‌సోర్సింగ్‌లో మనుషులు మారిపోతుంటారు. మీ అసోసియేషన్ చందాలతో ఒక మనిషికి జీతం ఇచ్చుకోగలిగితే, నీళ్ళు ఏడాది పొడవునా ఉంటే, నేను మట్టికే ఓటేస్తా.

టైల్స్, టర్ఫ్

ప్లాస్టిక్ ఇంటర్‌లాక్ టైల్స్ నేలకి అంటించరు, పరిచి లాక్ చేస్తారంతే, అందుకే కింద పగుళ్ళున్నా పైకి రావు, చిల్లుల్లోంచి నీళ్ళు దిగిపోతాయి కాబట్టి వాన తర్వాత త్వరగా ఆడొచ్చు, ఒక టైలు విరిగితే ఆ ఒక్కటే మార్చొచ్చు. స్లాబు పగలగొట్టడానికి బడ్జెట్ లేని పార్కుకి ఇది నిజంగా దారే. కానీ నీళ్ళు దిగుతాయి అంతే, కింద వాలు లేకపోతే అక్కడే మడుగు కట్టి దోమలు, మట్టి. ఎండకి ప్లాస్టిక్ సాగుతుంది, ఫెన్సింగ్ వైపు ఖాళీ వదలకపోతే మధ్యలో ఉబ్బి లేస్తుంది. బాల్ చప్పుడూ, ఎగిరే తీరూ తేడాగా ఉంటాయి, టోర్నమెంటు ఆడే పిల్లలకి నచ్చదు. తాళం లేని చోట టైల్స్ మాయమవడం గురించి నేను కొత్తగా చెప్పక్కర్లేదు.

టర్ఫ్ అంటే ఊరంతా ఫుట్‌బాల్, బాక్స్ క్రికెట్ కోసం పరుస్తున్న ఆకుపచ్చ కార్పెట్టే. ఇసుక నింపిన టెన్నిస్ రకం వేరే ఉంది, దానికి కూడా బాల్ కిందే ఉండిపోతుంది, ఎండలో నేల కాలిపోతుంది, ఇసుక సర్దుతూ ఉండాలి. వదిలేద్దాం.

పికిల్‌బాల్ (చిన్న కోర్టులో చెక్క బ్యాటు లాంటి దానితో, చిల్లుల ప్లాస్టిక్ బాల్‌తో ఆడే ఆట) వాళ్ళు కూడా వస్తారు, 120 బై 60 జాగాలో నాలుగు కోర్టులు పడతాయి కాబట్టి వాళ్ళ వాదనలో బలముంది. వేరే రంగులో గీతలు, పోర్టబుల్ నెట్లు అయితే ఒప్పుకోండి, కొత్త సర్ఫేస్‌లో పోస్టుల కోసం గుంటలు తవ్వడానికి మాత్రం ఒప్పుకోకండి.

ఎస్టిమేట్లో రాయించాల్సినవి

లేయర్ల సంఖ్య నమ్మకండి. నీళ్ళెక్కువ కలిపి పల్చగా లాగితే పది లేయర్లైనా వేయొచ్చు. చదరపు మీటరుకి ఎన్ని లీటర్లు, నీళ్ళు కలపక ముందు కొలత, కోటు కోటుకీ విడిగా రాయించండి, కంపెనీ డేటా షీట్లో ఆ అంకె ఉంటుంది. 120 బై 60 కోర్టు అంటే దాదాపు 670 చదరపు మీటర్లు, గుణిస్తే ఎన్ని డ్రమ్ములు రావాలో తెలుస్తుంది, సీలు తీయని డ్రమ్ములు దిగిన రోజు లెక్కపెట్టండి, పని అయ్యేదాకా ఖాళీవి పార్కు దాటనివ్వకండి. మేజర్‌మెంట్ బుక్‌లో ఏఈ గారు రాసుకునేది చదరపు మీటర్లే, ఆ మీటర్ల మీద ఎంత రంగు పడిందో చూసేది అక్కడ నిలబడిన మీరే.

ఐటీఎఫ్ సర్టిఫికెట్ ఉంది అంటారు. అది ఆ ప్రొడక్టు వేగం ఏ తరగతి అన్న దాని గురించి, మీ పార్కులో వాలు సరిగ్గా వచ్చిందా అనే దాంతో సంబంధం లేదు. కట్టిన కోర్టుని కొలిచి ఇచ్చే వన్ స్టార్, టూ స్టార్ గుర్తింపు వేరే ఉంది, పార్కుకి అంత అవసరం లేదు గానీ బిల్లు కంటే ముందు మళ్ళీ నీళ్ళ టెస్టు చెయ్యాలి, చాక్ గీసి బిళ్ళ పెట్టి చూడాలి అని మాత్రం షరతుగా రాయించండి. డిఫెక్ట్ లయబిలిటీ, అంటే లోపాలొస్తే కాంట్రాక్టరే బాగుచేయాల్సిన గడువు, కనీసం రెండు వానాకాలాలు దాటేలా అడగండి.

టైమింగ్ కూడా. యాక్రిలిక్‌కి వాన పనికిరాదు, మండుటెండా పనికిరాదు, మే మధ్యాహ్నం లాగితే స్క్వీజీ తిరిగొచ్చేలోపే ఆరిపోయి చారలు పడతాయి. తెలంగాణలో నవంబర్ నుంచి ఫిబ్రవరి బాగుంటుంది, కోస్తాలో తుఫాన్ల సీజన్ దాటి జనవరి నుంచి మార్చి మొదటి వారాల దాకా. కాబట్టి అర్జీ జూలైలోనే వెళ్ళాలి, లేదంటే ఆర్థిక సంవత్సరం అయిపోతోందని మార్చి చివర్లో హడావిడిగా రాత్రీ పగలూ పోసేస్తారు.

వేశాక ఎవరు చూస్తారు

రోజూ ఊడ్వడం, వాన తర్వాత మెత్తటి రోలర్‌తో నీళ్ళు తోయడం, నీడ పడే మూలల్లో నాచు పట్టకుండా మెత్తటి బ్రష్‌తో కడగడం, వైర్ బ్రష్ ముట్టుకోకుండా ఉండటం, ఇంతే పని. నేరేడు చెట్టు కోర్టు మీదకి వంగి ఉంటే పళ్ళ సీజన్లో రోజుకి రెండుసార్లు ఊడ్వాలి, తొక్కితే ఆ ఊదా మరక రంగులోకి దిగిపోతుంది, కొమ్మలు ముందే కొట్టించడం తేలిక. విశాఖ లాంటి సముద్రపు గాలి ఊళ్ళల్లో సర్ఫేస్ కంటే ముందు ఫెన్సింగూ నెట్ పోస్టులూ తుప్పు పడతాయి, గాల్వనైజ్డ్ అని రాయించండి. నెట్టు మధ్యలో 3 అడుగులు, పోస్టుల దగ్గర మూడున్నర, ఆట అయ్యాక విండర్ (నెట్టు బిగించే హ్యాండిల్) కొంచెం వదులు చేస్తే కేబులూ పోస్టులూ ఎక్కువ కాలం వస్తాయి. పండగ పందిళ్ళకి పార్కులో ఇంకో చోటు ముందే చూపించండి, వద్దు అంటే గొడవ, ఇక్కడ కాదు అక్కడ అంటే పని జరుగుతుంది.

రెండు కోర్టులుండి డబ్బు ఒకదానికే సరిపోతుందంటే రెండిటికీ పల్చగా పంచకండి. వాలు బాగున్న కోర్టుని ఎంచి దాన్ని పూర్తిగా చేయించండి, రెండో దానికి పగుళ్ళు పూడ్చి, అడ్డంగా 36 అడుగుల చిన్న పిల్లల కోర్టులు గీసి, ఎర్ర బాల్సు, మడతపెట్టే నెట్లు ఇచ్చేయండి, పాత సర్ఫేస్ మీద ఆ మెత్తటి బాల్సుతో ఆడే పిల్లలకి ఏ లోటూ ఉండదు, వచ్చే ఏడాది ఎస్టిమేట్ అడిగేటప్పుడు అక్కడ ఆడుతున్న పిల్లల తల్లిదండ్రులు కూడా మీతో పాటు ఆఫీసుకి వస్తారు.